ఆదివారం ఆరాధన తప్పితే రక్షణ పోతుందా?

సోదరా, పరకాల దగ్గర మీ చేనులో పత్తి ఏరివేతతో ఆదివారం ఆరాధనలు తప్పాయి, రక్షణ (దేవుడిచ్చే పాపవిముక్తి) పోయిందని మీ పెద్దమ్మగారు బెదరగొట్టారు, అంతేగా? పరలోకంలో హాజరుపట్టీ లేదు. బైబిల్లో ఎఫెసీ 2:8-9 చదవండి: రక్షణ కృప చేత, విశ్వాసం ద్వారా కలిగేది, క్రియల వల్ల కాదు. యేసు పక్కనే సిలువ మీద వేలాడిన దొంగ ఏ మందిరానికి వెళ్లాడు, ఏ కానుక వేశాడు? తనను జ్ఞాపకం చేసుకోమని యేసును వేడుకున్నాడు, ఆ రోజే పరదైసు (స్వర్గం) దొరికింది (లూకా 23:42-43). తన గొర్రెలను, అంటే తనను నమ్మినవాళ్లను, ఎవరూ తన చేతిలోనుంచి లాక్కోలేరని ప్రభువే చెప్పాడు (యోహాను 10:28). విశ్వాసాన్నే వదిలేస్తే రక్షణ పోతుందని బోధించే సంఘాలూ ఉన్నాయి. పత్తి ఏరడం విశ్వాసం వదలడమా! అయితే సమాజంగా కూడుకోవడం మానవద్దని హెబ్రీ 10:25 అంటుంది. పత్తి అయ్యేదాకా వారం మధ్యలో ఒక సాయంత్రం మీ వాడలో గృహకూటం (ఇంట్లో ఆరాధన) పెట్టమని పాస్టరు గారిని అడగండి.