కొంగ కాలి గుర్తు

అనంతపురం

అమ్మాయీ,

నీ కవరు వచ్చి పది రోజులైంది. మూడు పాదాల కవిత, దానికి మూడు పేజీల వివరణ. కవిత చదివి సంతోషపడ్డాను. వివరణ చదివి బీపీ మాత్ర వేసుకున్నాను.

'చెరువు ఎండింది / నెర్రెల మధ్య / నిన్నటి కొంగ కాలి గుర్తు.' బాగుంది. దాని కింద ఏం రాశావు? నీళ్లంటే యవ్వనం, కొంగ అంటే ప్రాణం, నెర్రెలంటే ముసలితనం, లోకంలో ఏదీ నిలవదు అని. ఎవరు చెప్పారమ్మా నీకు? నీ కవితలో ఒకటి నిలిచింది కదా! నీళ్లు పోయాయి, కొంగ పోయింది, బురదలో దిగిన కాలివేళ్ల ముద్ర ఉండిపోయింది. నీ కవిత చూసినదాన్ని నువ్వు చూడలేదు.

ఇక 'నిన్నటి'. నా కోపమంతా ఆ మాట మీదే. నిన్న బురదగా ఉన్న మట్టి ఇవాళ నెర్రె ఇస్తుందా? కొంగ కాలు దిగాలంటే తడి ఉండాలి. ఆ తడి ఆరి, పైపొర గట్టిపడి, ముడుచుకుంటే కదా పగిలేది. ఆ గుర్తు శివరాత్రి నాటిదో ఏమో! మార్పు మీద రాసేవాళ్లకు లెక్క రావాలి. 30 ఏళ్లుగా ఇదే మాట అంటున్నాను, సభల్లో నవ్వుతారు.

మా నాయనకు చదువు రాదు. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులు అని వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. రోహిణిలో రోళ్లు పగలాలి. తొలి వానలకు ఎర్ర మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు నేల మీదికి రావాలి. ఒక ఏడు అవి రాలేదు. ఆయన గట్టు మీద కూర్చుని బీడీ కూడా ముట్టించలేదు. కవిత్వం అనగానే నాకు ఇప్పటికీ ఆ ముట్టించని బీడీ గుర్తొస్తుంది.

నా మొదటి కవిత కూడా చెరువు మీదే. నాలుగు పాదాలు. ఒక వారపత్రికకు పంపితే అచ్చులో ఆరు పాదాలైంది! సందేశం లేదని ఎడిటర్ గారు చివర 'మనిషి బతుకూ ఇంతేగా, మట్టిలో కలిసే చింతేగా' అని తగిలించారు. మా ఊళ్లో ఒక పంతులుగారు ఆ రెండు ముక్కలే కంఠతా పట్టి, నన్ను చూసినప్పుడల్లా అప్పజెప్పేవారు. ఇంకో ఎడిటర్ 'మీరు సీమవాళ్లు కదా, కరువు రాయండి' అని నా కొంగ కవితను తిప్పి పంపాడు. కొంగకు కరువు ఉండదా? సరే, వదిలేయ్. ఆ గోల ఒక పట్టాన తెమలదు. ఇప్పుడేమో ఫోన్లో కవిత పెట్టి, దాని కింద బడి గైడులో లాగా 'భావం' అని పెడుతున్నారు. నీకూ ఆ జబ్బే అంటుకుంది.

మన ఊరికి పేరిచ్చిందీ ఒక చెరువే అంటారు, అనంతసాగరం. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని చోట సాగరమట! పెట్టినవాడికి నీ కంటే ధైర్యం ఎక్కువ.

చెరువు ఎండితే ట్రాక్టర్లు దిగుతాయని నీకు తెలుసు కదా. ఒండ్రు తవ్వి ఎర్రనేలల్లోకి తోలుతారు. నీ కొంగ గుర్తు ఉన్న పెళ్ల కూడా ఎవరి శెనక్కాయ చేనుకో పోతుంది. నువ్వు 'అంతా పోయింది' అని ముగించిన చోట నాకు ట్రాక్టర్ చప్పుడు వినిపించింది.

పుస్తకం వేయాలా, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. తర్వాత చూద్దాం. 'నిన్నటి' కింద గీత పెట్టి కవితను తిప్పి పంపుతున్నాను. వివరణ కాగితాలు నా దగ్గరే ఉంచుకున్నాను, వెనక ఖాళీగా ఉంటే పాల లెక్క రాసుకుంటున్నాను. ఈ ఆదివారం మీ చెరువులోకి దిగి నెర్రెలో చెయ్యి పెట్టు. లోపల ఇంకా తడి ఉందా, ఉంటే ఎంత లోతున ఉందో రాయి.

ఆశీస్సులతో.