తాళం ఎవరు ఇచ్చారు?

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. 2025 జూన్ 21న నాలుగు తెలుగు కుటుంబాలం రెండు ఆర్‌వీలు, అంటే లోపలే పడుకునే వీలున్న బళ్లు, అద్దెకు తీసుకుని సియెర్రా కొండల్లో ఒక నేషనల్ ఫారెస్ట్ క్యాంప్‌గ్రౌండ్‌కు వెళ్లాం. నా 50 సీసీ స్కూటర్‌ను మిత్రుడి పికప్‌లో వేసుకెళ్లాం. బాత్‌రూమ్‌లకి, కట్టెలకి తిరగడానికి బాగుంటుందని. చీకటి పడుతుండగా ఆ మిత్రుడి కొడుకు, 15 ఏళ్లవాడు, "అంకుల్, ఒక్క రౌండ్" అని బతిమాలాడు. తాళం ఇచ్చాను. మలుపులో గుంత తప్పించబోయి, నడిచి వస్తున్న ఒక పెద్దావిడను గుద్దాడు. ఆవిడకు మణికట్టు విరిగి ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆవిడ లాయర్ నాకు ఉత్తరం రాశాడు, నా ఇన్సూరెన్స్ వివరాలు అడుగుతూ. స్కూటర్‌కు ఇన్సూరెన్స్ లేదు. పన్నెండేళ్ల స్నేహితుడు ఫోన్ ఎత్తడం లేదు. బండి నడిపింది వాళ్లబ్బాయి కదా, నేనెందుకు కట్టాలి? మా బావమరిదికి మోటార్‌సైకిల్ లైసెన్స్ ఉంది. అతనే నడిపాడని చెబితే గొడవ ఉండదని అంటున్నారు. నా గ్రీన్ కార్డు పెండింగ్‌లో ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన వేసింది దాని సారాంశం మాత్రమే. మిగిలిందంతా మీ స్నేహితుడి గురించి: వాళ్ల గృహప్రవేశానికి మీ ఆవిడ రాత్రంతా మేల్కొని పులిహోర కలపడం, ఆయన ఉద్యోగం పోయినప్పుడు మీరు సాయం చేయడం. అన్నీ చదివాను. అందులో ఒక్కటి కూడా ఈ కేసులో ఎవరూ అడగరు. అడిగేది మీరు మూడో పేజీలో రెండు మాటల్లో రాసి దాటేసినది: "తాళం ఇచ్చాను." కేసంతా అక్కడే ఉంది.

బండి ఎవరు నడిపారన్నది మొదటి ప్రశ్నే గానీ చివరి ప్రశ్న కాదు. కాలిఫోర్నియాలో యజమాని అనుమతితో ఎవరు బండి నడిపినా, వాళ్ల నిర్లక్ష్యానికి యజమాని కూడా బాధ్యుడే. ఆ బాధ్యత కింద కట్టాల్సిన మొత్తానికి చట్టమే ఒక పరిమితి పెట్టింది. మీకు ఎవరో ఆ పరిమితి గురించి చెప్పినట్టున్నారు, అందుకే ఉత్తరంలో కొంత ధైర్యం కనిపిస్తోంది. కానీ ఆ పరిమితి యజమానిగా మీకు అంటుకునే బాధ్యతకే. నడపరాని మనిషి అని తెలిసి బండి చేతికి ఇవ్వడం మీ సొంత తప్పు. దానికి పరిమితి లేదు. అబ్బాయికి 15 ఏళ్లని మీకు తెలుసు. వాడి పుట్టినరోజు కేకు కూడా మీ ఇంట్లోనే కోశారని మీరే రాశారు. లర్నర్ పర్మిట్ కూడా లేదు, ఇక్కడ పర్మిట్ రావాలంటేనే పదిహేనున్నర ఏళ్లు నిండాలి. అవతలి లాయర్‌కు ఇంతకంటే ఏం కావాలి?

"మన దగ్గర పిల్లలు ఈ వయసుకే స్కూటీలు నడుపుతారు" అని రాశారు. మన దగ్గర కూడా 50 సీసీ లోపు గేర్లు లేని బండికి లైసెన్స్ ఇచ్చేది 16 నిండాకే. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ తర్వాత మైనర్ ప్రమాదం చేస్తే తల్లిదండ్రులకు గానీ, బండి యజమానికి గానీ మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. మీరు గుంటూరులో ఉన్నా తాళం ఇచ్చినవాడే దొరికేవాడు.

ఇంకో సంగతి, మీకే కాదు, ఆర్‌వీ ట్రిప్పులకు స్కూటర్లు మోసుకెళ్లే చాలామందికి తెలియదు. నేషనల్ ఫారెస్ట్‌లో ఏర్పాటు చేసిన క్యాంప్‌గ్రౌండ్ లోపల మోటార్‌బైక్ అయినా, ఇంకో మోటారు బండి అయినా లోనికి రావడానికి, బయటికి పోవడానికి మాత్రమే నడపాలి. ఇది ఫెడరల్ నిబంధన. సరదాకి ఒక రౌండ్ కొట్టడం అక్కడ నిషేధం. నడిపేవాడికి 40 ఏళ్లున్నా, అన్ని లైసెన్సులూ ఉన్నా సరే. యోసెమిటీ లాంటి నేషనల్ పార్కు అయితే లెక్క వేరు. లైసెన్స్, రిజిస్ట్రేషన్ ఉన్న బండిని పార్కు దారుల్లో నడపవచ్చు, క్యాంప్‌గ్రౌండ్‌లో మాత్రం గంటకు 15 మైళ్లు దాటకూడదు. ప్రైవేటు ఆర్‌వీ పార్కు అయితే వాళ్ల బోర్డు మీద ఏం రాసి ఉంటే అది. అందుకే ఇలాంటి కేసు నా దగ్గరికి వస్తే నేను మొదట అడిగేది ఆ నేల ఎవరిది అని. మీరు దిగింది మూడింటిలోకి కఠినమైన చోట. ఆ నిబంధన ఉన్నదే నడిచేవాళ్ల కోసమని ఆవిడ లాయర్ వాదిస్తాడు, దానికి జవాబు చెప్పడం కష్టం.

ఆ స్కూటర్‌ను మీరు కూడా నడపకూడదు, తెలుసా? సీటు ఉన్న 50 సీసీ స్కూటర్‌కు కాలిఫోర్నియాలో కారు లైసెన్స్ చాలదు. ఎం1 అనే మోటార్‌సైకిల్ లైసెన్స్ కావాలి, నిజంగా నెమ్మదిగా పోయే మోపెడ్ అయితే కనీసం ఎం2. హెల్మెట్ అందరికీ తప్పనిసరి. పైగా పింక్ స్లిప్ (బండి యాజమాన్య పత్రం) మీద పాత యజమాని సంతకం తీసుకుని సొరుగులో పడేశారు. పేరు మార్పు కాగితాలు పది రోజుల్లో డీఎంవీకి, అంటే రాష్ట్ర వాహనాల శాఖకు, ఇవ్వాలి. పేరు మారలేదు కాబట్టి బండి నాది కాదని అనవచ్చా అని అడిగారు. అనలేరు. డబ్బిచ్చి కొన్నారు, నెలల తరబడి వాడుకున్నారు. ఇంజనీరు ఉద్యోగం చేస్తూ, ఇంటి పన్ను రసీదులు ఏడాది వారీగా ఫైల్ చేసుకునే మనిషి బండి విషయంలో ఇంత అజాగ్రత్తగా ఎలా ఉన్నారో నాకు అర్థం కాలేదు.

ఇక మీ మిత్రుడి సంగతి, కేసుకు పనికొచ్చే మేరకే. అబ్బాయి తండ్రి అనుమతితోనే నడిపాడని తేలితే, కాలిఫోర్నియా వెహికిల్ కోడ్ (వాహనాల చట్టం) తండ్రి మీద కూడా బాధ్యత వేస్తుంది. క్యాంపు లోపలి దారి "హైవే" కాదని ఆయన లాయర్ అడ్డుపడవచ్చు. ప్రభుత్వం నిర్వహిస్తూ, జనం బళ్లు తిరిగే ఏ దారైనా ఆ కోడ్‌లో హైవే కిందికే వస్తుంది. 1986లో ఓటర్లు ఆమోదించిన ప్రాపొజిషన్ 51 ప్రకారం ఆస్పత్రి ఖర్చులు, పోయిన జీతం లాంటివి మొత్తం మీలో ఎవరి దగ్గరైనా వసూలు చేసుకోవచ్చు. నొప్పి, బాధలకు ఇచ్చే పరిహారం మాత్రం ఎవరి తప్పు ఎంతో అంతే. కాబట్టి ఆయన తప్పు ఎంత అన్నది మీ జేబుకు సంబంధించిన ప్రశ్న. దాన్ని తేల్చేది మీ స్నేహం కాదు, సాక్ష్యం.

ఆ సాక్ష్యాన్ని మీరే చెరిపేశారు. ట్రిప్పు వాట్సాప్ గ్రూపులో 42 సెకన్ల వీడియో ఉందని, అందులో అబ్బాయి బయల్దేరుతుంటే తండ్రి గొంతు "రేయ్, లైటు వేసుకోరా" అని వినిపిస్తుందని రాశారు. తండ్రి అక్కడే ఉన్నాడు, చూస్తున్నాడు, వద్దనలేదు. ఆయన అనుమతికి అంతకంటే సూటి రుజువు నేను చూడలేదు. కానీ అదే వీడియోలో మీ గొంతు కూడా ఉంది: "గేర్లు లేవుగా, ఏం కాదులే, పోనీ." అది విని భయపడి, ప్రమాదం జరిగిన మర్నాడే "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కేశారు. ఎవరో ఇచ్చిన సలహానట. దావా రాబోతోందని తెలిసి సాక్ష్యం చెరిపితే, అందులో మీకు నష్టం కలిగించేదే ఉందని అనుకోవచ్చని జడ్జి జ్యూరీకి చెప్పవచ్చు. గ్రూపులో పదకొండు మంది ఉన్నారు. ఏదో ఒక ఫోన్ గ్యాలరీలో అది ఇంకా ఉండే ఉంటుంది. మీ గొంతు వాళ్ల చేతికి ఎలాగూ దొరుకుతుంది. మీకు పనికొచ్చే ఆయన గొంతు మాత్రం మీ దగ్గర లేకుండా చేసుకున్నారు. ఇవాళే ఆ గ్రూపువాళ్లను అడిగి కాపీ తెచ్చుకోండి, ఎడిట్ చేయకుండా, కత్తిరించకుండా. మీ పాత ఫోన్ మార్చేయకండి. స్కూటర్ అమ్మకానికి పెట్టానన్నారు, ఆ ప్రకటన తీసేయండి. ముందు లైటు పనిచేస్తోందా, బ్రేకులు ఎలా ఉన్నాయి అన్నవి రేపు ఎవరో ఒక నిపుణుడు చూడాల్సి ఉంటుంది. మడ్‌గార్డ్ సొట్ట కూడా సరిచేయించకండి.

గుంత ఉందన్నారు. ఫొటో ఉందా? లేదు. అక్టోబరులో నన్ను అడుగుతున్నారు. వేసవి సీజన్ అయిపోయింది, ఆ గుంత ఇప్పటికి పూడ్చేసి ఉండవచ్చు. ఆరోజు తీసిన వంట ఫొటోల వెనకాల ఎక్కడైనా ఆ మలుపు పడిందేమో వెతకండి. ఆరోజు వచ్చిన ఫారెస్ట్ ఆఫీసర్ రాసుకున్న రిపోర్టు కాపీకి సమాచార హక్కు లాంటి ఫెడరల్ చట్టం, ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ కింద దరఖాస్తు పెట్టండి. ఆవిడ చేతిలో టార్చి ఉందా, దారి మధ్యలో నడుస్తోందా అన్నవి అందులో ఉంటే మీకు పనికొస్తాయి. ఈ రాష్ట్రంలో గాయపడినవాళ్ల తప్పు ఎంత శాతం ఉంటే పరిహారం అంత తగ్గుతుంది.

ఇప్పుడు బావమరిది సంగతి. ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకండి. ఆఫీసర్ అబ్బాయి పేరు, వయసు ఆరోజే రాసుకున్నాడని మీరే చెప్పారు. నడిపింది వేరే మనిషని ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పడం కాలిఫోర్నియా పీనల్ కోడ్ 550 కింద మోసం. ఫెడరల్ ఆఫీసర్‌కు చెబితే ఐదేళ్ల దాకా జైలు పడే నేరం. ఇప్పుడు మీ మీద ఉన్నది డబ్బుతో తేలే సివిల్ గొడవ. నిర్లక్ష్యం మీద సివిల్ దావా పడినంత మాత్రాన గ్రీన్ కార్డు ఆగదు. మోసం కేసులో శిక్ష పడితే ఆగే ప్రమాదం ఉంది, మీదే కాదు, బావమరిదిది కూడా. మణికట్టు ఆపరేషన్ బిల్లు తప్పించుకోవడానికి రెండు కుటుంబాల వీసాలు పణంగా పెడతారా?

నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్లి పది వేల డాలర్లు చేతిలో పెట్టి కాగితం రాయించుకుందామన్న ఆలోచన కూడా మానుకోండి. మీ ఇన్సూరెన్స్ కంపెనీని అడగకుండా మీ అంతట మీరు కడితే ఆ డబ్బు వాళ్లు తిరిగి ఇవ్వరు.

ఏ ఇన్సూరెన్స్ అంటారా? స్కూటర్‌కు లేదు, నిజమే. కానీ మీకు కారు పాలసీ, ఇంటి పాలసీ, మిగతా పాలసీలు చాలనప్పుడు పైన ఆదుకునే పది లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ, అద్దె ఆర్‌వీతో వచ్చిన పాలసీ ఉన్నాయి. మూడు నెలలు దాటినా ఆ నాలుగు పాలసీల కంపెనీల్లో ఒక్కదానికీ చెప్పలేదు! కారు పాలసీల్లో నాలుగు చక్రాల కంటే తక్కువ ఉన్న బండిని మినహాయించడం మామూలే. ఇంటి పాలసీ కూడా మోటారు బండి అనగానే వెనక్కి జరుగుతుంది. ఆర్‌వీ పాలసీ మీద నాకు పెద్ద ఆశ లేదు. ఆశ ఉన్నది అంబ్రెల్లా మీద. కొన్ని అంబ్రెల్లా పాలసీలు కింద వేరే పాలసీ లేకపోయినా కొంత మొత్తం మీరు భరించాక ఆదుకుంటాయి. పాలసీ పుస్తకంలో "మినహాయింపులు" అన్న భాగం పూర్తిగా చదవండి, మొదటి పేజీలోని మొత్తాలు చూసి ఆగిపోకండి. నాలుగు కంపెనీలకూ రాతపూర్వకంగా తెలియజేయండి, లాయర్ ఉత్తరం కాపీ జతచేయండి. ఆలస్యమైందని భయపడి ఆగకండి. ఆలస్యం వల్ల తమకు నిజంగా నష్టం జరిగిందని చూపిస్తే తప్ప ఆ ఒక్క కారణంతో కంపెనీ తప్పించుకోలేదని ఇక్కడి కోర్టులు చెబుతూ వచ్చాయి. కవరేజీ ఉండే అవకాశం కొద్దిగా ఉన్నా కంపెనీ మీ తరఫున లాయర్‌ను పెట్టి కేసు నడపాలి. మీకు ఇప్పుడు కావాల్సింది అదే. ఫోన్లో "రాదండీ" అంటే ఒప్పుకోకండి, కారణంతో సహా కాగితం మీద అడగండి. మీ మిత్రుడు ఫోన్ ఎత్తకపోతే ఆయనకు కూడా రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి, ఆయన ఇంటి పాలసీకి తెలియజేయమని. అందులో పులిహోర ప్రస్తావన వద్దు.

గడువుల సంగతి. ఆవిడకు దావా వేయడానికి ప్రమాదం తేదీ నుంచి రెండేళ్లు, అంటే 2027 జూన్ 21 దాకా ఉంది. ఈలోగా ఉత్తరాలు ఆగిపోయినంత మాత్రాన కేసు పోయిందనుకోకండి. సమన్లు అందిన రోజు నుంచి మీకు 30 రోజులే, ఆలోగా జవాబు దాఖలు చేయకపోతే మీరు లేకుండానే తీర్పు అయిపోవచ్చు. గాయం అయిన ప్రమాదాన్ని పది రోజుల్లో డీఎంవీకి ఎస్‌ఆర్-1 ఫారంలో చెప్పాలి. అది నడిపినవాడి బాధ్యత, వాళ్లు పంపి ఉండరు. ఆ ఫారం ఇప్పుడెలా నింపాలో లాయర్‌తో మాట్లాడాకే తేల్చండి. గుంత పేరుతో ప్రభుత్వాన్ని లాగుదామన్న వాదన నాకు బలంగా కనిపించడం లేదు. లాగాలన్నా ముందు ఆ శాఖకే రెండేళ్లలోపు రాతపూర్వకంగా క్లెయిమ్ ఇవ్వాలి. అదే స్టేట్ పార్కు అయి ఉంటే గాయం కేసుకు ఆరు నెలలే గడువు. ఈ తేడా తెలియక వదులుకున్నవాళ్లను చూశాను.

ఆవిడ లాయర్ ఉత్తరానికి మీరు జవాబు రాయకండి, ఫోన్ చేసి క్షమాపణ చెప్పకండి, ఆవిడ ఎలా ఉందో కనుక్కోమని ఎవరినీ పంపకండి. ఈ వారంలోనే మీ కౌంటీలో యాక్సిడెంట్ కేసుల్లో ప్రతివాదుల తరఫున వాదించే లాయర్‌ను గంట సేపు కలవండి. వెళ్లేటప్పుడు పింక్ స్లిప్, నాలుగు పాలసీలు, ఆ 42 సెకన్ల వీడియో తీసుకెళ్లండి. వీడియో చెరిపేసిన సంగతి ఆయన అడగకముందే చెప్పండి.