ఫ్రెష్ శాంపిల్ కోసం పట్టుబట్టకండి

మీవారికి వీర్యకణాల కౌంట్ బాగా తక్కువని, ఫ్రీజ్ చేసిన వీర్యంతో ఐవీఎఫ్ (ల్యాబ్‌లో గుడ్డునీ వీర్యకణాన్నీ కలిపే పద్ధతి) చేస్తే ఫలితం తగ్గుతుందేమోనని అడిగారు. పెద్దగా ఏం తగ్గదండీ. మా పాప అలా పుట్టిందే.

మిల్లీలీటరుకు కోటిన్నర పైగా ఉండాల్సిన వీర్యకణాలు, నా శాంపిల్ అంతా వెతికితే పదో పన్నెండో కనిపించాయి. ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్ట్ మేడమ్ అన్నారు, "ఇవాళ ఉన్నాయి కాబట్టి ఇవాళే దాచేద్దాం. మీలాంటి వాళ్లకు రేపు ఉంటాయని చెప్పలేం." అలా మూడుసార్లు ఇచ్చి దాచాం.

ఎగ్ పికప్ రోజు, అంటే గుడ్లు బయటకు తీసే రోజు, మా ఆవిడకు మత్తిచ్చి లోపలికి తీసుకెళ్లారు. పదకొండు రోజులు పొట్ట మీద ఇంజక్షన్లు పొడిపించుకున్న మనిషి. నేను శాంపిల్ ఇచ్చి బయట కూర్చున్నాను. గంటకు మేడమ్ వచ్చి, "తొమ్మిది గుడ్లు వచ్చాయి. మీ శాంపిల్‌లో మాత్రం ఒక్కటీ లేదండీ" అన్నారు. నాకు కాళ్లూ చేతులూ చల్లబడిపోయాయి. మా ఆవిడ లేచాక ఏం చెప్పాలి? నా ముఖం చూసి మేడమే, "ట్యాంకులో ఉన్నాయిగా, ఎందుకు టెన్షన్" అన్నారు. మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్‌లోంచి తీసి, కరిగించి, బతికున్నవాటిని ఏరి ఒక్కో గుడ్డులోకి ఒక్కోటి సూదితో పంపారు. దాన్నే ఇక్సీ అంటారు. అలా తయారైన పిండాన్ని గర్భంలో పెట్టడమే ట్రాన్స్‌ఫర్. మాకు రెండో ట్రాన్స్‌ఫర్‌కి నిలిచింది.

కరిగించేటప్పుడు కొన్ని చచ్చిపోతాయి, నిజమే. కానీ ఇక్సీకి గుడ్డుకొకటి బతికుంటే చాలు. ఫ్రెష్ కావాలని పట్టుబట్టేవాళ్లు ఆ రోజు నా కుర్చీలో కూర్చోలేదు.

ఇంకో మాట. నాలుగేళ్లు పరీక్షలన్నీ మా ఆవిడకే చేయించారు. గుళ్ల చుట్టూ ప్రదక్షిణలూ ఆమే చేసింది, పేరంటాల్లో మాటలూ ఆమే పడింది. నా వీర్య పరీక్ష ఒక్క పూట పని. ఎవరూ అడగలేదు, నేనూ వెళ్లలేదు. ఆ నాలుగేళ్లు తలచుకుంటే ఇప్పటికీ ఆమె ముఖంలోకి చూడలేను. పెళ్లైన ఏడాదికి పిల్లలు కలగకపోతే ఇద్దరూ ఒకేరోజు పరీక్షకు వెళ్లండి.

దాచినందుకు ఏటా కట్టాల్సిన డబ్బు గురించి మాకు ప్యాకేజీలో చెప్పలేదు, తర్వాత బిల్లులో వచ్చింది. ఏళ్ల తరబడి దాచాల్సి రావచ్చు కాబట్టి ఏడాదికి ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. మాది ఇంకా ఒక వయల్ (దాచిన చిన్న సీసా) ఉంది. పాపకు తోడు కావాలని ఆవిడ అంటోంది.