పేరు ఒక్కటే ఆఫీసులో ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి సీఏ ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ పూర్తి చేసింది. ఇప్పుడు ఆర్టికల్‌షిప్‌లో, అంటే ఆడిటరు దగ్గర చేసే ఆఫీసు శిక్షణలో చేరాలి. తెలిసిన ఆడిటరు గారొకరు తమ ఆఫీసులో పేరు నమోదు చేసుకుని హాజరు వేస్తామని, అమ్మాయి ఇంట్లోనే ఉండి ఫైనల్‌కు చదువుకోవచ్చని అంటున్నారు. ఒప్పుకోవచ్చా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఒప్పుకోవద్దండి. చేయని శిక్షణను చేసినట్టు సంతకాలు పెట్టడం ఆ ఆడిటరు గారికీ మీ అమ్మాయికీ కూడా తప్పే. బయటపడితే ఆ కాలం లెక్కలోకి రాకుండా పోవచ్చు. పైగా చదువుకు తీరిక ఉండదన్న భయానికి ఇప్పుడు పెద్దగా కారణం లేదు. 2023 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త విధానంలో మూడేళ్ల ఆర్టికల్‌షిప్‌ను రెండేళ్లకు కుదించారు, ఫైనల్ పేపర్లను ఎనిమిది నుంచి ఆరుకు తగ్గించారు, శిక్షణ ముగిశాక ఆరు నెలలు గడిస్తేనే ఫైనల్ రాయాలన్నారు. ఆ ఆరు నెలలూ పూర్తిగా చదువుకే మిగులుతాయి.

అసలు సంగతి మరొకటి ఉంది. నేను ఆర్టికల్‌గా ఉన్న రోజుల్లో, ఒక మార్చి 31న, రైస్ మిల్లులో స్టాక్ లెక్కకు వెళ్లాను. గోదాములో బస్తాల నెట్టు నిండుగా కనిపించింది. ముందు వరుసలను, ఎత్తును లెక్కించి గుణిస్తే పుస్తకంలోని అంకెకు సరిగ్గా సరిపోయింది. మా ప్రిన్సిపల్ గారు, అంటే నాకు శిక్షణ ఇచ్చే ఆడిటరు గారు, మాత్రం నన్ను నిచ్చెన వేసుకుని పైకెక్కి చూడమన్నారు. చూస్తే నెట్టు మధ్యలో అంతా ఖాళీ. ఆడిట్ పాఠంలో స్టాకును స్వయంగా పరిశీలించాలన్న వాక్యాన్ని అంతకుముందు ఎన్నిసార్లు చదివానో, దాని అర్థం మాత్రం ఆ నిచ్చెన మీదే తెలిసింది.

ఫైనల్‌లో ఆరో పేపరు మొత్తం కేస్ స్టడీలే, పుస్తకాలు చూసి రాయవచ్చు. అయితే వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు ఒకదానితో ఒకటి ఎక్కడ పొసగడం లేదో చేత్తో పట్టుకుని చూడని విద్యార్థికి, ఎదుట ఎన్ని పుస్తకాలున్నా ఏది తెరవాలో తోచదు.

ఆఫీసు చిన్నదా పెద్దదా అన్నది నా దృష్టిలో రెండో మాట. చేరే ముందు అక్కడి ఆర్టికల్స్‌తోనే అమ్మాయిని మాట్లాడమనండి: ఏయే ఆడిట్లకు వెళ్లారు, వర్కింగ్ పేపర్లు (ఆడిట్‌లో ఏం పరిశీలించారో నమోదు చేసే కాగితాలు) స్వయంగా రాస్తున్నారా, రాసినవాటిని ప్రిన్సిపల్ గారు పక్కన కూర్చోబెట్టుకుని దిద్దుతారా అని అడగమనండి. మూడో ప్రశ్నకు అవునన్న జవాబు వచ్చిన చోట, స్టైపెండ్ కాస్త తక్కువైనా సరే, చేర్చండి.