ఉద్యోగం వచ్చాక ఆగిపోయిన ప్రార్థన

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో శుభములు. నీ ఉత్తరం చదివాను. ఉద్యోగం కోసం ఉపవాసాలున్నావు, తెల్లవారుజామున లేచి ప్రార్థించావు. ఉద్యోగం వచ్చింది, సంఘంలో సాక్ష్యం కూడా చెప్పావు. ఇప్పుడు మోకరిస్తే మాటలు రావడం లేదనీ, అడగడానికి ఏమీ లేకపోతే దేవుడితో ఏం మాట్లాడాలో తెలియడం లేదనీ రాశావు. దాచుకోకుండా రాసినందుకు సంతోషం. ఒక అవసరం తీరాక ఇంకో అవసరం వచ్చేదాకా దేవుణ్ణి పక్కనపెట్టి, అలాగే ఏళ్లు గడిపేసిన విశ్వాసుల్ని చాలామందిని చూశాను. వాళ్లకి ఆ వెలితి కూడా తెలియలేదు. నీకు తెలిసింది.

ముందు ఒక మాట. ఉద్యోగం కోసం ప్రార్థించడం తక్కువ భక్తి అని ఎవరైనా అంటే నమ్మకు. యేసుప్రభువు ఐదు యవల రొట్టెలు, రెండు చేపలతో ఐదు వేలమంది పురుషుల ఆకలి తీర్చాడు. ఏలీయా ప్రవక్త బదరీచెట్టు కింద పడుకొని చావు కోరుకున్నప్పుడు దేవుడు మందలించలేదు. దూత చేత రొట్టె, నీళ్లు పంపించాడు, నిద్రపోనిచ్చాడు, లేపి మళ్లీ తినిపించాడు. నీ నీరసంలో కొంత నైట్ షిఫ్టులది కూడా అయి ఉంటుంది. వారానికి రెండు రోజులైనా కడుపునిండా తిని, కంటినిండా నిద్రపో. అది కూడా ఆత్మీయ విషయమే.

ఇక అసలు సంగతి. యోహాను సువార్త ఆరో అధ్యాయం ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా చదువు. రొట్టెలు తిన్న జనం మర్నాడు పడవలెక్కి కపెర్నహూము దాకా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. చూసేవాళ్లకి అది గొప్ప భక్తి. ప్రభువు మాత్రం, రొట్టెలు తిని తృప్తి పొందారు కాబట్టే నన్ను వెతుకుతున్నారని ముఖానే చెప్పాడు. పాడైపోయే ఆహారం కోసం కాకుండా నిత్యజీవం దాకా నిలిచే ఆహారం కోసం కష్టపడమన్నాడు. జీవాహారం నేనే అన్నాడు. అధ్యాయం ముగిసేసరికి శిష్యుల్లోనే చాలామంది వెనక్కి వెళ్లిపోయారు. మీరూ వెళ్తారా అని పన్నెండుమందిని అడిగితే, ఎవరి దగ్గరికి వెళ్తాం ప్రభువా, నిత్యజీవపు మాటలు నీ దగ్గరే ఉన్నాయి కదా అన్నాడు పేతురు. మిగిలిన ముక్కలు పన్నెండు గంపలకు ఎత్తినవాళ్లు ఈ శిష్యులే. రొట్టెల అద్భుతాన్ని అందరికంటే దగ్గరగా చూసిన పేతురు, ఆ రోజు రొట్టెల మాటే ఎత్తలేదు.

మన ఒంగోలు వైపు సంఘాల చరిత్రలో కూడా ఇలాంటి ఘట్టం ఒకటుంది. 1876–78 కరువులో జనం తిండి లేక చచ్చిపోతుంటే, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. పగలు మట్టి మోశారు, కూలి తీసుకున్నారు, వాక్యమూ విన్నారు. బాప్తిస్మం ఇవ్వమని చాలామంది అడిగారు. కరువు సాయం నడిచినంతకాలం ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమో అన్న అనుమానానికి చోటు ఉండకూడదనుకున్నారు. సాయం ఆగిపోయింది, జనం మాత్రం ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇక అక్కడ కూలీ లేదు, గింజలూ లేవు. ఉన్నది క్రీస్తు ఒక్కడే. ఆయన చాలనుకొని వచ్చారు.

నీకు కూడా ఇప్పుడు సాయం ముగిసిన కాలం వచ్చింది. ఇది శిక్ష అనుకోకు. నీకు నిజంగా ఎవరు కావాలో తేల్చుకోవడానికి దొరికిన సమయం ఇది.

ఏం చెయ్యాలని అడిగావు. పొద్దున పదిహేను నిమిషాలు ఏమీ అడగకుండా కూర్చో. మొదట్లో బాగా ఇబ్బందిగా ఉంటుంది, టైం కదలదు, లేచిపోకు. 63వ కీర్తన తీసుకొని గట్టిగా చదువు. దావీదు యూదా అరణ్యంలో నీళ్లు లేని చోట ఉండి, నా ప్రాణం నీ కోసం దాహంగా ఉందని దేవుడితో అంటాడు. నీకు మాటలు రాకపోతే ఆ మాటలే వాడుకో. ప్రభువు శిష్యులకి నేర్పిన పరలోక ప్రార్థన రోజుకి ఒక్క వాక్యం చొప్పున నెమ్మదిగా చెయ్యి. అందులో ఆయన నామం, ఆయన రాజ్యం, ఆయన చిత్తం అయ్యాకే మన అన్నం వస్తుంది. అన్నాన్ని ప్రభువు తీసెయ్యలేదు, దాని చోటులో దాన్ని పెట్టాడు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న, బైబిలు వచనం రాసిన వాగ్దానం కార్డు గోడకి పెట్టుకో, తప్పు లేదు. కానీ ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం చదవకుండా దాన్ని నీదనుకోకు. మీకు మేలు చేసే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు అనే, అందరూ ఇష్టపడే యిర్మీయా 29:11 బబులోను చెరలో ఉన్నవాళ్లకి చెప్పిన మాట. దాని పై వచనంలోనే డెబ్బై సంవత్సరాలని ఉంది. నీ భవిష్యత్తు గురించి ప్రవచనం చెప్తారని ఊరూరా కూడికలకు తిరగడం మానెయ్. ఆ తిరుగుడు వల్ల మనిషికి టెన్షన్ పెరగడమే చూశాను. ఆదివారం ఫోన్లో ఆరాధన చూసి సరిపెట్టుకోకుండా, దగ్గర్లో ఉన్న సంఘానికి వెళ్లు, చిన్నదైనా సరే. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, మానకు. జీతంలో ఇచ్చేది ఇంకో దీవెన రావాలని ఇవ్వకు. హాస్టల్లో ఫీజు కట్టలేని పిల్ల ఎవరైనా ఉంటే, ఎవరికీ చెప్పకుండా కట్టు.

సంబంధాలు చూస్తున్నామని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దానికోసం తప్పకుండా ప్రార్థించు, ఉపవాసమూ ఉండు. మేమూ ఉంటాం. అయితే ఈసారి మొదటి రోజే ఆయనతో చెప్పు, ఇది కుదిరినా కుదరకపోయినా మర్నాడు పొద్దున నీ దగ్గరికే వస్తానని. ఆరో అధ్యాయం చదివాక అర్థం కాని వచనాలుంటే రాసి పంపు. ఆయన శరీరం తినడం, రక్తం తాగడం గురించిన మాటలు అక్కడ కష్టంగా ఉంటాయి. వాటి గురించి విడిగా రాస్తాను.

ప్రభువునందు,
మీ పెద్దనాన్న