లైట్‌మ్యాన్ గారి అబ్బాయికి సినిమా కోర్సు

ప్రశ్న: మేం చెన్నై సాలిగ్రామంలో ఉంటాం. మా వీధిలో లైట్‌మ్యాన్‌గా చేసే ఆయన కొడుకు ప్లస్ టూ అయ్యాడు, కెమెరా నేర్చుకోవాలని పిచ్చి. మేం పది కుటుంబాలం డబ్బులేసుకుని స్కాలర్‌షిప్‌లా ఇద్దామనుకుంటున్నాం, ఎలా మొదలెట్టాలి?

జవాబు: చదువుతుంటే కడుపు నిండిందండి. ముందు తరమణిలో ఉన్న ఎంజీఆర్ ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ చూడండి, 1945 నుంచీ ఉన్నదది, ప్లస్ టూ తర్వాత నాలుగేళ్ల డిగ్రీ, సినిమాటోగ్రఫీ కూడా ఉంది, ప్రైవేటువాటితో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. పుణె ఇన్‌స్టిట్యూట్ అంటారు అందరూ, కానీ అక్కడ చాలా కోర్సులకి డిగ్రీ ఉండాలి, కాబట్టి అది తర్వాత మాట.

అసలు పిల్లలు మధ్యలో మానేసేది ఫీజు వల్ల మాత్రమే కాదు, బస్సు, భోజనం, హార్డ్ డిస్క్, కోర్సు చివర తీసే డిప్లొమా ఫిల్మ్ ఖర్చు, పైగా ఇంట్లో వీడు సంపాదించి ఇస్తాడనుకున్న నాలుగు డబ్బులు రాకపోవడం, ఇవన్నీ కలిసి వెనక్కి లాగేస్తాయి, అందుకే ఫీజుతోపాటు నెలనెలా కొంత వాడి అకౌంట్లో వేయండి. ఫీజు మాత్రం నేరుగా ఇన్‌స్టిట్యూట్‌కే, సెమిస్టర్ సెమిస్టర్‌కి కట్టండి. నాలుగేళ్లకీ సరిపడా హామీ వచ్చాకే వాడికి మాటివ్వండి, ప్లీజ్. విడిగా పిల్లాడికిస్తే ట్యాక్స్ మినహాయింపు రాదు, 80జి, అంటే విరాళాలకి ట్యాక్స్ మినహాయింపు వచ్చే గుర్తింపు ఉన్న ట్రస్ట్ ద్వారా ఇస్తేనే, అదీ పాత ట్యాక్స్ విధానంలో ఉన్నవాళ్లకే.

వచ్చే ఏడు ఇంకో పిల్లకి కూడా స్కాలర్‌షిప్ ఇవ్వాలనుకుంటే, ఎంపిక చేసేటప్పుడు మార్కులు పక్కనపెట్టి ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసుకురమ్మనండి.