తెల్లవారేసరికి బీపీ పెరుగుతుంటే

రాయగడ తమ్ముడూ, నాన్నగారు పొద్దున బీపీ మాత్ర లోసార్టాన్ 50 వేసుకుంటే సాయంత్రం దాకా పై బీపీ 130 ఉండి, మర్నాడు తెల్లవారేసరికి 160 అవుతోందని రాశావు. పర్లాకిమిడిలో మా అమ్మకీ ఇలాగే అయ్యేది. లోసార్టాన్ పనితనం కొందరిలో 24 గంటలూ నిలవదు. ఒంట్లో అది మారి తయారయ్యే అసలు మందు 6 నుంచి 9 గంటల్లో సగానికి తగ్గిపోతుంది. వేరే బీపీ మందుల్లో టెల్మిసార్టాన్ సగం కావడానికి సుమారు 24 గంటలు, ఆమ్లోడిపిన్‌కైతే 30 నుంచి 50 పడుతుంది. ఆమ్లోడిపిన్ మంచి మందే, కానీ కొందరికి పాదాలు వాస్తాయి. అది వాడినప్పుడు అమ్మకి కాలి పట్టీలు చర్మంలోకి దిగబడి అచ్చు పడేవి. అప్పుడు డాక్టరు టెల్మిసార్టాన్‌కి మార్చారు, ఇప్పుడు తెల్లవారుజామున కూడా నిలకడగా ఉంది.

నువ్వు మాత్రం సొంతంగా మార్చేయకు. వారం రోజులు పొద్దున మాత్రకు ముందు, మళ్లీ రాత్రి, ఆయన్ని అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి, చేయి బల్ల మీద ఆనించి రెండేసిసార్లు చూసి రాయి. ఆ కాగితం డాక్టరుకి చూపించు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం రక్త పరీక్షల గురించీ అడుగు. రోజూ పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) తింటారన్నావు కదా, అందులో ఉప్పు, పక్కన ఎండుచేప బాగా తగ్గించు. 180/120 దాటి ఛాతీ నొప్పిగానీ, మాట తడబాటుగానీ ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు.